ధనుర్వాతం తుప్పులో లేదు, పేడలో ఉంది

"ధనుర్వాతం గురించి డాక్టర్లు దాచే నిజాలు" అనే మెసేజ్ నాకు ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది మా పిన్ని, వాళ్ల కోడలికి నెలలు నిండుతున్నాయి, అందుకే రాస్తున్నాను.

తుప్పు మేకు గుచ్చుకుంటేనే వస్తుందట. తప్పు. తుమ్మముల్లు దిగినా రావచ్చు.

ఒకసారి వస్తే మళ్లీ రాదట. వస్తుంది. జబ్బు తగ్గినవాళ్లకీ టీకా వేయాల్సిందే.

24 గంటలు దాటితే సూది దండగట. లక్షణాలు బయటపడటానికే మామూలుగా 3 నుంచి 21 రోజులు పడుతుంది. ఆలస్యమైందని మానేయకండి, మర్నాడైనా వెళ్లండి.

ఇక అసలు ఘోరం. గాయం మీద ఆవు పేడ, పసుపు కలిపి మెత్తి గాలి తగలకుండా గట్టిగా కట్టాలట, పసిబిడ్డ బొడ్డుకీ అదే మందట! క్లాస్ట్రీడియం టెటని అనే ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ పడదు, అందుకని సిద్ధబీజంగా (గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపం) మారి ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉంటుంది, కాసేపు నీళ్లలో మరిగించినా చావదు, ఆసుపత్రిలో ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేసేది ఇలాంటి వాటి కోసమే. ఆ బీజాలు ఆవుల, గుర్రాల పేగుల్లోనూ ఉంటాయి, పేడతో బయటికొస్తాయి. అంటే విత్తనం మీరే చల్లి, అది మొలకెత్తడానికి గాలి లేని చోటు కూడా మీరే కట్టి ఇస్తున్నారు. పుట్టి రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ వారం తిరక్కుండానే దవడ బిగిసి చన్ను పట్టలేకపోవడం ఇలాగే జరిగేది. గర్భిణులకు టీకాలు వేసి, ఆసుపత్రి కాన్పులు పెంచితే 2015 నాటికి మన దేశంలో బాలింతల్లో, పసికందుల్లో ఈ జబ్బు దాదాపు పోయింది. మట్టిలోంచి మాత్రం పోలేదు, పోదు కూడా. ఇది రాసినవాళ్లు ఏ బిడ్డ ప్రాణానికి జవాబు చెప్తారు?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ప్రతి చిన్న గీతకీ సూది వేయించుకోనక్కర్లేదని ఉంది, అది నిజమే, నేనే ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాను. డోసులన్నీ పూర్తయినవాళ్లకి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు నుంచి 10 ఏళ్లు, మట్టి పట్టిన గాయమో లోతైనదో అయితే 5 ఏళ్లు దాటితేనే మళ్లీ కావాలి. గాయాన్ని సబ్బుతో కడగడం మాత్రం ఎప్పుడైనా తప్పదు.

పిన్నీ, బొడ్డు ఊడేదాకా దాని మీద ఏమీ రాయొద్దు, పొడిగా వదిలేయండి. కోడలికి టీడీ (ఇప్పుడు టీటీ బదులు వేసేది ఇదే) రెండో డోసు పడిందో లేదో ఈ రాత్రికే కార్డు చూసి నాకు ఫోన్ చెయ్యి.