గుండె జబ్బుల మ్యాపు గీసింది ప్రభుత్వాలే

హువాయ్ నది చైనాను ఉత్తర, దక్షిణాలుగా విడదీస్తుంది. 1950ల్లో అక్కడి ప్రభుత్వం చలికాలంలో ఇళ్లు, కార్యాలయాలు వెచ్చగా ఉంచే పథకం ఒకటి తెచ్చింది. దేశమంతటికీ ఇవ్వడానికి డబ్బు చాలలేదు. నదికి ఉత్తరాన ఉన్నవారికి బొగ్గు ఉచితం, దక్షిణాన ఉన్నవారికి లేదు అని తేల్చేసింది. ఉత్తరాదివారికి అది వరంలాగే కనిపించి ఉంటుంది. బొగ్గు బాయిలర్లు దశాబ్దాల తరబడి మండాయి. 2013లో కొందరు పరిశోధకులు నదికి రెండు వైపులా ఉన్న గాలినీ, మరణాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఉత్తరాన గాలిలో ధూళి 55 శాతం ఎక్కువ. ఆయుర్దాయం సుమారు 5.5 ఏళ్లు తక్కువ. 2017లో కొత్త లెక్కలతో మళ్లీ చూస్తే ఆ తేడా 3.1 ఏళ్లుగా తేలింది. ఎలా లెక్కగట్టినా కోత పడిన ఆయుష్షు దాదాపు అంతా గుండె, ఊపిరితిత్తుల జబ్బుల ఖాతాలోదే.

ఒకే దేశంలో ఒక ప్రాంతంలో గుండెపోట్లు ఎందుకు ఎక్కువ, ఇంకో ప్రాంతంలో ఎందుకు తక్కువ అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. వాళ్ల రక్తంలోనే ఉందనేది ఒకటి. వాళ్ల అలవాట్లు అలాంటివనేది రెండోది. హువాయ్ నది దగ్గర ఈ రెండూ నిలవవు. గీతకు అటు పక్కన పుట్టినవాడి జన్యువులు వేరు కాదు. బాయిలర్ పొగ పీల్చాలని అతనేమీ కోరుకోలేదు. ఆ తేడాను పుట్టించింది పాలకులు సంతకం పెట్టిన ఒక నిర్ణయం. ప్రాంతాల మధ్య గుండె జబ్బుల్లో కనిపించే తేడాలు చాలావరకు ఇలా పుట్టినవేనని నా వాదన. కొన్నిచోట్ల ఆ నిర్ణయం స్పష్టంగా కనిపిస్తుంది, కొన్నిచోట్ల తవ్వి తీయాల్సి వస్తుంది.

జన్యువుల వాదన సంగతి 1960ల్లో మొదలైన ఒక అధ్యయనమే తేల్చింది. జపాన్ మూలాలున్న మగవాళ్లను మూడు చోట్ల పరీక్షించారు: జపాన్‌లోనే ఉండిపోయినవారు, హవాయి దీవుల్లో స్థిరపడినవారు, కాలిఫోర్నియా చేరినవారు. మూలం ఒక్కటే. అయినా జపాన్ నుంచి హవాయికి, అక్కడి నుంచి కాలిఫోర్నియాకు వచ్చేసరికి గుండె రక్తనాళాల జబ్బు మెట్లు మెట్లుగా పెరిగింది. పక్షవాతం మాత్రం జపాన్‌లోనే ఎక్కువ. అంటే వలస వెళ్లినవారికి ఒక జబ్బు పెరిగి, ఇంకో జబ్బు తగ్గింది. 1976లో మైకేల్ మార్మట్, లెనర్డ్ సైమ్ అనే పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. కాలిఫోర్నియాలోనే ఉంటూ జపాన్ సంప్రదాయ జీవనాన్ని, అయినవాళ్లతో బంధాన్ని గట్టిగా పట్టుకున్నవారిలో గుండె జబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. పూర్తిగా అమెరికన్ జీవితంలో కలిసిపోయినవారిలో అది మూడు నుంచి ఐదు రెట్లు. ఈ తేడాను తిండి, సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలు పూర్తిగా వివరించలేకపోయాయి. మనిషి చుట్టూ ఉన్న సమాజం కూడా గుండె మీద పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఆధారం నాకు తెలియదు.

అవతలి పక్షం చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. దానికి కారణమయ్యే జన్యు మార్పుల్లో ఒకదానికి ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియా పేరే పెట్టారు. కొన్ని కుటుంబాలకు గుండెపోటు వారసత్వంగా వస్తుందన్నది వాస్తవం. పేదలు, వయసు మళ్లినవారు ఒకచోట ఎక్కువగా ఉంటే అక్కడి సగటు పెరుగుతుందన్నదీ వాస్తవమే. కానీ జన్యువులు ముప్పై, నలభై ఏళ్లలో మారిపోవు. ఒక ప్రాంతపు మరణాల రేటు మాత్రం ఆ వ్యవధిలోనే కుప్పకూలగలదు. అది జరిగింది కూడా ఆ నార్త్ కరేలియాలోనే.

1970 ప్రాంతానికి ఫిన్లాండ్ మగవాళ్లు గుండె జబ్బులతో చనిపోవడంలో ప్రపంచంలోనే ముందున్నారు. దేశంలోనూ తూర్పు భాగం పరిస్థితి మరీ ఘోరం. తూర్పు అంచున ఉన్న నార్త్ కరేలియా పాడి, అడవుల మీద బతికే ప్రాంతం. 35 నుంచి 64 ఏళ్ల మగవాళ్లలో లక్షకు 670 మందికి పైగా ఏటా గుండె రక్తనాళాల జబ్బుతో పోయేవారు. సంపాదించే వయసులో ఇంటి పెద్దలు కుప్పకూలుతుంటే చూస్తూ ఊరుకోలేక 1971లో ఆ ప్రాంత ప్రతినిధులు ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చారు. మరుసటి ఏడాదే ప్రాజెక్టు మొదలైంది. దాని పగ్గాలు ముప్పై ఏళ్లు కూడా నిండని పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి చేతికి వచ్చాయి.

ఈ కథను చాలామంది సగమే చెబుతారు. ప్రజలకు అవగాహన కల్పించారు, వాళ్లు వెన్న మానేశారు, సిగరెట్లు తగ్గించారు, గుండెలు బాగుపడ్డాయి అని ముగించేస్తారు. అవగాహన కల్పించిన మాట నిజం. మార్తా అనే మహిళా సంఘం సభ్యులు ఊరూరా తిరిగి వంట పద్ధతులు మార్పించారు. అయితే ఆ ప్రాంతపు బతుకుదెరువే పాడి. వెన్న తినడం అక్కడ అలవాటు మాత్రమే కాదు, రైతు ఆదాయం కూడా. ఆ సంగతి ప్రాజెక్టు నడిపినవారు గ్రహించారు. చలికి తట్టుకునే ఆవజాతి నూనెగింజల రకం వచ్చాక దేశీయ నూనె అందుబాటులోకి వచ్చింది. పాల ధరను కొవ్వు శాతంతో ముడిపెట్టే పద్ధతి క్రమంగా మారింది. పాడి రైతులు బెర్రీ పండ్ల సాగుకు మళ్లేందుకు ప్రభుత్వ శాఖలు అండగా నిలిచాయి. బేకరీలు, మాంసం తయారీ సంస్థలు ఉప్పు, కొవ్వు తగ్గించాయి. 1976లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. మొదటి అయిదేళ్ల తర్వాత కార్యక్రమాన్ని దేశమంతటికీ విస్తరించారు. 2006 నాటికి ఆ వయసు మగవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు మరణాలు నార్త్ కరేలియాలో సుమారు 85 శాతం, ఫిన్లాండ్ మొత్తంగా 80 శాతం తగ్గాయి.

పోలిక కోసం ఎంచుకున్న పొరుగు జిల్లా కూపియోలో కూడా మరణాలు తగ్గాయి కదా, ఇందులో ప్రాజెక్టు గొప్పేముంది అని విమర్శకులు అప్పట్నుంచీ అడుగుతున్నారు. వార్తలు, సరుకులు, చట్టాలు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోవుగా. కూపియోలో తగ్గడం నా వాదనకు ఇంకా బలమే. తూర్పు ఫిన్లాండ్ రక్తమే అంత అని చేతులెత్తేసినవాళ్లు రెండు జిల్లాల్లోనూ ఓడిపోయారు.

జపాన్ ఈశాన్యంలోని అకితాదీ ఇదే దారి. చలికాలమంతా ఉప్పులో ఊరేసిన ఆహారమే గతి అయిన ఆ ప్రాంతంలో 1950ల్లో మనిషి రోజుకు 20 గ్రాములకు మించి ఉప్పు తినేవాడు, పక్షవాతం మరణాలు అందుకు తగ్గట్టే ఉండేవి. 1961 నాటికి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా, ఆ దశాబ్దంలో ఊరూరా బీపీ పరీక్షలు, ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వచ్చాయి. పక్షవాతం వెనక్కి తగ్గింది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను. ప్రాంతం చేసే హాని వెంటనే బయటపడదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలను 1960ల నుంచీ వైద్యులు ‘స్ట్రోక్ బెల్ట్’ (పక్షవాతం ఎక్కువగా ఉన్న పట్టీ) అని పిలుస్తున్నారు. కరోలినాలు, జార్జియా, అలబామా, మిసిసిపీ, టెన్నెసీ, ఆర్కన్సా, లూసియానా అందులోవే. 2003-2007 మధ్య 30 వేల మందికి పైగా నల్లజాతి, తెల్లజాతి వారిని ఒక భారీ అధ్యయనంలో చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించారు. ఎవరు ఏ వయసులో ఎక్కడ ఉన్నారో కూడా ఆరా తీశారు. స్ట్రోక్ ముప్పుతో గట్టిగా ముడిపడిన వయసు యవ్వనం కాదు, ముసలితనం కాదు, 13 నుంచి 18 ఏళ్ల మధ్య కాలం. కౌమారంలో ఆ రాష్ట్రాల్లో ఉన్నవారిని ఆ ముప్పు తర్వాత కూడా వదల్లేదు. అరవై ఏళ్ల వయసులో ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషికి ‘మీ అలవాట్లు మార్చుకోండి’ అని చెప్పే వైద్యుడు, అతను స్కూలుకు వెళ్లిన ఊరిని మార్చగలడా?

ఇంగ్లండ్ ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది. 1986లో డేవిడ్ బార్కర్, క్లైవ్ ఓస్మండ్ అనే పరిశోధకులు ఇంగ్లండ్, వేల్స్‌లోని 212 ప్రాంతాల మ్యాపులు రెండు పోల్చారు. 1921-25 మధ్య పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాలూ, 1968-78 మధ్య గుండె జబ్బుతో పెద్దలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాలూ చాలావరకు ఒకటే. అప్పటి పేదరికం అర్ధ శతాబ్దం తర్వాత గుండెపోటుగా తేలిందన్నమాట. ఆ తర్వాత హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911-30 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ల వివరాలు తీస్తే, ఏడాది వయసులో 8 కిలోల దగ్గరే ఆగిపోయినవారి గుండె జబ్బు మరణాల రేటు, 12 కిలోలు దాటినవారి రేటుకు రెండున్నర రెట్లకు పైనే. అయితే బ్రిటన్‌లోని 24 పట్టణాల్లో మగవాళ్లను గమనించిన మరో అధ్యయనంలో పుట్టిన చోటు కన్నా ఇప్పుడు ఉంటున్న చోటే ముఖ్యమని తేలింది. నాకిందులో వైరుధ్యం కనబడదు. పుట్టిన ఊరు ఒక అప్పు రాసిపెడుతుంది, ఉంటున్న ఊరు దాన్ని పెంచనూవచ్చు, తీర్చనూవచ్చు.

బార్కర్ చేతికి ఆ తూకాలు ఎలా వచ్చాయి? ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆరోగ్య అధికారిణి 1911 నుంచి తన జిల్లా హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ, ఏడాది నిండాక మళ్లీ బరువునూ రిజిస్టర్లలో రాయించింది కాబట్టి. వందేళ్ల కిందటి గ్రామీణ నర్సుల చేతిరాత గుండె జబ్బుల శాస్త్రాన్నే మలుపు తిప్పింది. నార్త్ కరేలియా ప్రతినిధులు వినతిపత్రం ఇవ్వగలిగారంటే తమ జిల్లాలో ఎంతమంది పోతున్నారో వాళ్లకు తెలుసు. హువాయ్ నది గుట్టు బయటపడిందీ మరణాల నమోదు వల్లే.

అందుకే నా దృష్టిలో గుండె ఆరోగ్యానికి అన్నిటికన్నా ముందు కావలసింది మరణాల రిజిస్టర్. చాలా దేశాల్లో మరణానికి కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించడమే అరుదు. నమోదైన చోట కూడా దేశం మొత్తానికి ఒక సగటు ప్రకటించి ఊరుకుంటారు. సగటు అన్నది నది రెండు ఒడ్డుల్నీ కలిపేసి అసలు తేడానే మింగేస్తుంది. తన జిల్లాలో నలభై ఏళ్లవారు ఎందుకు పోతున్నారో ప్రజలకు తెలియకపోతే ఎవరిని అడగాలో కూడా తెలియదు. అడిగేవారు లేనప్పుడు ‘నడవండి, ఉప్పు తగ్గించండి’ అనే పోస్టర్‌తో ప్రభుత్వం బాధ్యత తీరిపోతుంది. ఖర్చు లేని పని కాబట్టే ఆ పోస్టర్ అంటే పాలకులకు అంత ఇష్టం.

జిల్లాల వారీగా, వయసుల వారీగా, కారణాల వారీగా మరణాల లెక్కలు ఏటా జనం ముందు పెట్టాలి. అదీ చాలదు. చనిపోయినప్పటి చిరునామా ఒక్కటే రాసుకుంటే స్ట్రోక్ బెల్ట్‌లో పెరిగి వేరే చోట కన్నుమూసినవాడు తప్పు ఖాతాలో పడతాడు. మరణ ధ్రువపత్రంలో పుట్టిన జిల్లా, స్కూలు వయసులో ఉన్న జిల్లా, చివరగా ఉన్న జిల్లా మూడూ ఉండాలి. కుటుంబాన్ని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పే వివరాలివి. విద్యుత్ కేంద్రానికి, హైవేకు, పంట రాయితీకి అనుమతి ఇచ్చే అధికారి ముందు ఆ జిల్లా గుండె జబ్బుల లెక్క తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన కూడా దానికి తోడు కావాలి.