క్లాక్ టవర్ సెంటర్ నుంచి ప్రాజెక్టు రిపోర్టు గారికి

మహారాజశ్రీ ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టు గారికి,

నల్ల అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, లోపల ముగ్గురి సంతకాలతో తమరు క్షేమమని తలుస్తాను. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో తమ వంశమంతా క్షేమమే. తెరిచినవాళ్లు లేరు కనుక ఒక్క పేజీ చిరగలేదు.

తమరెందుకు పుట్టారో మాకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు. 1984లో డేవిడ్ కోల్బ్ అనే అమెరికా ప్రొఫెసర్ అనుభవంతో నేర్చుకోవడం మీద పుస్తకం రాసి, అందులో ఒక చక్రం పెట్టాడు. పని చేయాలి, చేసింది తిరిగి చూసుకోవాలి, అందులోంచి సూత్రం పట్టాలి, ఆ సూత్రాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడాలి. మేం ఆ చక్రాన్ని గాజు పెట్టి గుండ్రంగా గీసి మార్కులు తెచ్చుకున్నాం.

రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టు కోసం నల్గొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపుకు పోతే అన్న తల కూడా ఎత్తలేదు. "ఫైనాన్సా, హెచ్‌ఆరా, మార్కెటింగా తమ్మీ?" పన్నెండు వందలన్నాడు, ఇచ్చేశాను. నా వెనక వచ్చినవాడు తొమ్మిది వందలకే తీసుకుపోయాడు. ఎందుకు మోసపోయానా అని ఆలోచించి, చెప్పిన ధర ఒప్పుకోవద్దని సూత్రం పట్టి, బైండింగ్ దగ్గర దాన్ని వాడి యాభై తగ్గించుకున్నాను. కోల్బ్ చక్రం పూర్తిగా తిరిగింది చూశారా! షాపు అన్న పాత రిపోర్టులో కంపెనీ పేర్లు మార్చేటప్పుడు ఒక చోట మరిచిపోయాడు. దాంతో నా సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులు 34వ పేజీలో హఠాత్తుగా బైకు మైలేజీ మీద సంతృప్తి తెలిపారు. వైవాలో ఎవరూ అడగలేదు.

మా క్లాసులో ఒక పిచ్చోడున్నాడు. గుర్రంపోడు దిక్కు బత్తాయి తోటల్లోకి నిజంగానే ప్రశ్నల కాగితాలు పట్టుకుని పోయాడు. టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారి తూకంలో తీసేసే తరుగు మీద వాడి ప్రాజెక్టు. "తరుగు విధానంతో మీరు: చాలా సంతృప్తి, సంతృప్తి, తటస్థం, అసంతృప్తి, చాలా అసంతృప్తి?" అని చదివితే ఒక పెద్దాయన వీణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వు ఎవల మనిషివి బిడ్డా?" అన్నాడట. ఆ జవాబుకు కాగితంలో గడి లేదు. కాయ చెట్టు మీదున్నప్పుడే బయానా ఎందుకు తీసుకుంటారో, లారీ వచ్చిన రోజు ధర ఎందుకు దిగుతుందో, కోసిన కాయతో రైతు ఎందుకు బెట్టు చేయలేడో నాలుగు రోజులు చెట్ల కింద కూర్చుని రాసుకున్నాడు. గైడ్ సారు అదంతా చూసి, "ఇరవై మూడు మందేనా? వంద శాంపిల్ ఉండాలె" అన్నారు. మిగతా డెబ్బై ఏడు మంది రైతులం మేమే అయ్యాం. హాస్టల్లో, ఒక్క రాత్రిలో, నాలుగు రంగుల పెన్నులతో. నేనొక్కణ్ణే పద్దెనిమిది ఎకరాల బత్తాయి పెట్టాను. మాలో ఎక్కువమందిమి తరుగుతో సంతృప్తిగా ఉన్నాం, త్వరగా నిద్రపోవాలి కదా. రిపోర్టులో గుండ్రటి 'పై' చార్టు కూడా ఆ ప్రకారమే వచ్చింది.

మొన్న ఆ పెద్దాయన వాడికి ఫోన్ చేశాడు. "అప్పుడు రాసుకపోతివి గదా, తరుగేమన్న తగ్గుతదా?" వాడు తమరిని తెరిచి సూచనల పేజీ చూశాడు: "రైతులు మార్కెటింగ్‌పై అవగాహన పెంచుకోవాలి."

ఏం చెప్పమంటారో తమరే సెలవియ్యండి. ఆయన మళ్లీ చేస్తానన్నాడు.

ఇట్లు,
డిస్టింక్షన్‌లో పాసైన సిమెంటు–బైకుల నిపుణుడు