మెకానికల్ టెక్నాలజీని ఖర్చు లెక్కలోంచి బయటికి తీసి చూద్దాం

నార్త్ కరొలైనాలోని షార్లెట్, రాలీ నగరాల పరిసరాలలోని మన తెలుగు కుటుంబాల మధ్య, రెండేళ్ల డిగ్రీలిచ్చే ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ మాట వస్తే, అది చాలావరకు డబ్బు లెక్కగానే వస్తుంది. మొదటి రెండేళ్లు అక్కడ తక్కువ ఖర్చుతో చదివించి, తరువాత యూనివర్సిటీకి మారిస్తే ఎంత మిగులుతుందని అడుగుతారు. ఆ లెక్క తప్పేమీ కాదు. ఇటీవలి సంవత్సరాలలో నార్త్ కరొలైనా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ క్రెడిట్‌కు 76 డాలర్లుగా ఉంటూ వచ్చింది. పూర్తి సెమిస్టరుకు 1,216 డాలర్లకు మించలేదు. అయితే ఈ లెక్క దగ్గరే ఆగిపోవడం వల్ల, అదే ఆవరణలో నడిచే మెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ అనే చదువు మన కంటికి ఆనడం లేదు. ఒకవేళ ఆనినా, మార్కులు రాని పిల్లలు చేరే కోర్సుగానే కనిపిస్తోంది. ఈ చూపు మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ రెండేళ్లలో విద్యార్థి ఏమి నేర్చుకుంటాడో చూద్దాం. డ్రాయింగ్, సాలిడ్‌వర్క్స్ వంటి క్యాడ్ సాఫ్ట్‌వేర్, తయారీ పద్ధతులు, లోహాల గుణాలు, హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్, స్టాటిక్స్, పదార్థ బలం అన్నీ ఉంటాయి. వీటి పేర్లు నాలుగేళ్ల ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలోనూ కనిపిస్తాయి. తేడా అంతా చదివే తీరులో ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ఒక లోహపు దిమ్మెలో చతురస్రాకారపు గుంట గీసి, దాని నాలుగు లోపలి మూలలనూ పదునుగా వదిలేయడం ఎవరికైనా సులువే. గుండ్రంగా తిరుగుతూ లోహాన్ని కోసే ఎండ్‌మిల్ అనే పనిముట్టు అటువంటి మూలను కోయలేదన్న సంగతి, తాను గీసిన భాగాన్ని తానే మిల్లింగ్ మెషీన్ మీద కోయవలసి వచ్చిన విద్యార్థికి మొదటి రోజే తెలుస్తుంది. హైదరాబాదు బాలానగర్ లేత్ షాపులవాళ్లు ‘థౌ’ అని పిలిచే, అంగుళంలో వెయ్యో వంతు కచ్చితత్వాన్ని అవసరం లేని చోట కూడా డ్రాయింగు మీద అడిగితే మెషీన్ వేగం ఎంత తగ్గించాలో, అదనంగా గ్రైండింగ్ ఎందుకు చేయవలసి వస్తుందో, తనిఖీకి ఎంత సమయం పోతుందో అతనికి చేతులతో అర్థమవుతుంది. ఇటువంటి జ్ఞానం లేక కర్మాగారాలలో తిప్పి పంపే డ్రాయింగులకు కొదవ లేదు. దీనిని తక్కువ రకపు చదువు అనడానికి నాకు మనసు ఒప్పదు.

మన వాళ్లకు ఇది కొత్త కూడా కాదు. పదో తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవారు మన బంధువులలోనే ఎంతోమంది ఉన్నారు. హైదరాబాదులోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి, కర్మాగారాలకు కావలసిన అచ్చులు, పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్ నిపుణులను తయారుచేస్తూనే ఉంది. అక్కడ గౌరవించిన చదువును ఇక్కడికి వచ్చాక ఎందుకు దాచుకుంటున్నామో ఆలోచించాలి.

గౌరవించమన్నానని కళ్లు మూసుకుని చేర్పించమని నా ఉద్దేశం కాదు. ఇక్కడ రెండు దారులు పక్కపక్కనే ఉండడం వల్ల పొరపాటు పడే అవకాశం చాలా ఎక్కువ. యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌కు మారాలనుకునేవారికి ఈ రాష్ట్రంలో అసోసియేట్ ఇన్ ఇంజనీరింగ్ అనే వేరే రెండేళ్ల డిగ్రీ ఉంది. అందులో కాలిక్యులస్, దాని మీద ఆధారపడిన ఫిజిక్స్ తప్పనిసరి. మెకానికల్ టెక్నాలజీలో ఇచ్చేది అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్ డిగ్రీ. అక్కడ గణితం సాధారణంగా వృత్తికి కావలసిన బీజగణితం, త్రికోణమితి దగ్గర మొదలవుతుంది. ఆ గణితంతో రెండేళ్లు చదివి, తరువాత ఇంజనీరింగ్‌కు మారదామనుకుంటే కాలిక్యులస్‌కు ముందు చదవవలసిన ప్రీకాలిక్యులస్ నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి రావచ్చు. కాబట్టి చేరే ముందు చూడవలసినది కోర్సు పేరు కాదు, మొదటి సెమిస్టరులో ఏ గణితం పెట్టారన్నదే.

టెక్నాలజీలోనే పైకి వెళ్లాలనుకునేవారికి యూఎన్‌సీ షార్లెట్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ బ్యాచిలర్ డిగ్రీ ఉంది; అప్లైడ్ సైన్స్ డిగ్రీతో వచ్చేవారిని అది చేర్చుకుంటుంది. కాకపోతే కోర్సుల నాణ్యతను పరిశీలించే ఆబెట్ సంస్థ ఇంజనీరింగ్‌కు, ఇంజనీరింగ్ టెక్నాలజీకి వేర్వేరు కమిషన్ల ద్వారా గుర్తింపు ఇస్తుంది. ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సు కోరుకునే టెక్నాలజీ పట్టభద్రులను చాలా రాష్ట్రాలు ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతాయి, కొన్ని అసలు అనుమతించవు. తయారీ రంగంలో అనేక ఉద్యోగాలకు ఆ లైసెన్సు అక్కరలేదు గాని, ఈ విషయం పిల్లలకు ముందే తెలియాలి.

వీసా సంగతి ఇంకా సున్నితమైనది. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన కుటుంబాల పిల్లలు, హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద చదువుకోవచ్చు గాని, జీతం తీసుకుని పనిచేయలేరు. షార్లెట్ ప్రాంతంలో 1995 నుంచి నడుస్తున్న అప్రెంటిస్‌షిప్ 2000 వంటి పథకాలలో హైస్కూలు పిల్లలు కర్మాగారంలో జీతంతో పని నేర్చుకుంటూ కాలేజీ డిగ్రీ కూడా సంపాదిస్తారు. ఈ చదువులోని అతి గొప్ప అవకాశం అదే. మన పిల్లలలో చాలామందికి మూసుకుపోయే తలుపు కూడా అదే. ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఎఫ్1 విద్యార్థి వీసాకు మారిన తరువాత కూడా, చదువు అయ్యాక పనిచేసే గడువును పెంచే స్టెమ్ ఓపీటీ పొడిగింపుకు బ్యాచిలర్ లేదా అంతకు పై డిగ్రీ ఉండాలి. హెచ్1బీ ఉద్యోగమూ సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీనే అడుగుతుంది. అందువల్ల ఆ స్థితిలో ఉన్న కుటుంబాలు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ దగ్గర ఆగే ఆలోచనతో ఈ దారిలోకి రాకూడదనే నేను చెబుతాను. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న పిల్లలకు ఈ అడ్డు లేదు. యంత్రాన్ని విప్పి చూడనిదే నిద్రపట్టని పిల్లవాడిని, పిల్లను, పరువు కోసం కంప్యూటర్ సైన్సులోకి తోయడానికి వారి తల్లిదండ్రుల దగ్గర సరైన కారణమేదీ నాకు కనిపించదు.

మన తెలుగు సంఘం నిర్వహించే యువజన కెరీర్ సదస్సులలో వేదిక మీద సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వైద్యులు ఉంటారు. ఈసారి షార్లెట్‌లోని సెంట్రల్ పీడ్‌మాంట్, రాలీలోని వేక్ టెక్ కమ్యూనిటీ కాలేజీల అధ్యాపకులలో ఒకరిని, తయారీ రంగంలో పనిచేస్తున్న మన తెలుగువారిలో ఒకరిని తప్పక పిలవాలని కార్యవర్గానికి నా మనవి. సదస్సుకు ముందే ఏదైనా ఒక శనివారం, ఆసక్తి ఉన్న పిల్లలను ఆ కాలేజీల మెషీన్ షాపుకు తీసుకువెళ్లే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. తల్లిదండ్రులు కూడా వెంట రావాలి.