విండోస్ 12కి ముహూర్తం పెట్టేదెవరు?

విండోస్ 12 వస్తోందట. ఈ మాట కొన్నేళ్లుగా వింటున్నాం. మైక్రోసాఫ్ట్ తేదీ చెప్పలేదు. కనీసం పన్నెండు అనే అంకె పెడతామని కూడా అనలేదు. అయినా యూట్యూబ్‌లో దాని మీద సమీక్షలు వచ్చేశాయి. టాస్క్‌బార్ గాల్లో తేలుతుందట, మన బదులు కృత్రిమ మేధే ఆలోచిస్తుందట. ఈ హడావుడిలో జాతి ప్రయోజనాలతో ముడిపడిన అసలు ప్రశ్న ఒక్కరూ అడగడం లేదు కాబట్టి, బాధ్యతగల పౌరుడిగా నేనే అడుగుతున్నాను. శుభలేఖలూ కరపత్రాలూ కూర్చే మన పాత సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్, అందులో వస్తుందా?

నవ్వేవాళ్లు బీరువాలోంచి తమ పెళ్లి శుభలేఖ ఓసారి తీసి చూసుకోవాలి. దాని మీద "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అన్న అక్షరాలు విండోస్ 11లో పుట్టి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేస్తాను.

తెలుగునాట ఏ ఊరికి వెళ్లినా బస్టాండు పక్కనో, కోర్టు ఎదురుగానో ఓ షాపు ఉంటుంది. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు అని రాసి ఉంటుంది. లోపల రెండు కంప్యూటర్లు. ముందున్నది కొత్తది. పాన్ కార్డులు, కరెంటు బిల్లులు దాని డ్యూటీ. మూలన ఉన్నది పాతది. దాని సీపీయూకి ఒకవైపు రేకు ఉండదు, వేడెక్కుతుందని తీసేశారు. నెట్ కేబుల్ కూడా ఉండదు, వైరస్ వస్తుందని పీకేశారు. మానిటర్ మీద లక్ష్మీదేవి స్టిక్కరు, తెర మీద విండోస్ ఎక్స్‌పీ వారి పచ్చని కొండ. పేజ్‌మేకర్ 7.0, "అను" అనే పాత తెలుగు ఫాంట్లు ఉండేది ఆ కంప్యూటర్లోనే. శుభలేఖలు, కర్మకాండ కార్డులు, గృహప్రవేశాలు, ఎన్నికల కరపత్రాలు, దేవుడి కల్యాణ పత్రికలు అన్నీ అక్కడి నుంచే బయటికొస్తాయి.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే కంపెనీలో పుట్టింది. 1994లో అడోబీ ఆ కంపెనీని కొనేసింది. 2001లో 7.0 వదిలాక దాన్ని పెంచడం మానేసి, ఇకపై మా కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి రండి అని పిలిచింది. మనవాళ్లు సరేనన్నారు. వెళ్లలేదు. జిల్లాకి కలెక్టర్లు వస్తుంటారు, బదిలీ మీద పోతుంటారు, కానీ ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసిన సీనియర్ అసిస్టెంటు మాత్రం అదే కుర్చీలో ఉంటాడు. మన దగ్గర విండోస్ కలెక్టరు, పేజ్‌మేకర్ సీనియర్ అసిస్టెంటు.

మొన్న ఆ షాపులో ఓ పెళ్లికొడుకు నిలబడి ఉన్నాడు.

"మ్యాటరంతా వాట్సాప్‌లో పంపానన్నా. కాపీ పేస్ట్ చేసేస్తే అయిపోతుంది."

"అది యూనికోడ్ తమ్ముడూ. ఇందులో పేస్ట్ కొడితే అన్నీ క్వశ్చన్ మార్కులే వస్తాయి. మళ్లీ కొట్టాలి. సాయంత్రం రా."

కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ముహూర్తం దగ్గర పడింది మరి.

యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చే ప్రమాణం. తెలుగు 1991లోనే దాని మొదటి కూర్పులో చేరింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఉంది. అంటే ఆ మూల కంప్యూటర్‌కి పుట్టుకతోనే తెలుగు వచ్చు. ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు. అనులాంటి పాత ఫాంట్ల దారి వేరు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గదుల్లో తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా కాపురం పెడతాయి. ఫాంటు ఉన్నంతసేపు అది "చి.ల.సౌ." లా కనిపిస్తుంది. తీసేస్తే అర్థంలేని గుర్తుల వరస. దాన్ని నిర్మించిన వాళ్ల తెలివిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. యూనికోడ్ ఇంకా మన కంప్యూటర్ల గడప తొక్కని రోజుల్లో తెలుగు పత్రికల్నీ పుస్తకాల్నీ మోసింది ఆ పద్ధతే. అది దిగిపోవాల్సిన టైముకి దిగలేదు, అంతే.

ఇక తేదీల సంగతి. మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌లో విడుదల తేదీలు పెట్టేవారి బల్ల మీద పంచాంగం లేదనడానికి నా దగ్గర రుజువులున్నాయి. ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది. శరన్నవరాత్రులు, మర్నాడు విజయదశమి. తెలియకుండానే దివ్యమైన ముహూర్తం కుదిరింది కాబట్టే నేటికీ లక్ష్మీదేవి స్టిక్కరు కింద చల్లగా ఉంది. విస్టా 2007 జనవరి 30న వచ్చింది. మాఘమాసం, పెళ్లిళ్లు జోరుమీదుండే కాలం. ముందు నాలుగు కార్డులు అర్జెంటుగా ఉంటే, ప్రతి క్లిక్కుకీ తెర నల్లబడి "మీరు నిజంగా ఈ పని చేయదలచుకున్నారా?" అని అడిగేది. ప్రింటరుకి డ్రైవరు లేదనేది. ఆ శాపాలు ఊరికే పోలేదు.

విండోస్ 7 దిగింది 2009 అక్టోబరు 22న, కార్తీకంలో. అది బుద్ధిగా ప్రొఫెషనల్ వాళ్ల కోసం ఎక్స్‌పీ మోడ్ అని ఒక నిండు ఎక్స్‌పీని ఉచిత డౌన్‌లోడ్‌గా వెంటబెట్టుకుని వచ్చింది. జనం నెత్తిన పెట్టుకున్నారు. విండోస్ 8 మాత్రం 2012 అక్టోబరు 26న, దసరా అయిన రెండోరోజున, స్టార్ట్ బటన్‌ని కూడా నిమజ్జనం చేసేసి వచ్చింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడుకోవాల్సిందేమీ లేదు. విండోస్ 10 విడుదల 2015 జులై 29. ఆ ఏడాది ఆషాఢం అధికమాసంగా వచ్చింది, 10 నిజ ఆషాఢంలో దిగింది. రెండు నెలలు పెళ్లిళ్లు లేక షాపులు ఖాళీ. ఆపరేటర్లకి కొత్తది నేర్చుకునే తీరిక దొరికింది. పదేళ్లు నిలబడింది.

ఇప్పుడు 11 జాతకం చూడండి. 2021 అక్టోబరు 5. మర్నాడు మహాలయ అమావాస్య! పితృపక్షాల్లో మనవాళ్లు కొత్త చీపురు కొనడానికి కూడా వెనకాడతారు. అలాంటిది ఏకంగా ఆపరేటింగ్ సిస్టమ్. బయటివాళ్లకు తెలియదంటే సర్దుకోవచ్చు. అప్పటికి కంపెనీ పగ్గాలు హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతుల్లో ఉన్నాయి. పైగా 1998 నుంచి హైదరాబాదులో సొంత కేంద్రం ఉంది. ఒక్క ఫోన్ కొడితే అక్కడి క్యాంటీన్లో ఎవరో ఒకరు గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పేవారు కదా.

వీడ్కోళ్లూ అంతే. ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది 2014 ఏప్రిల్ 8న. ఆ రోజు శ్రీరామనవమి. అంతా భద్రాచలం కల్యాణం చూస్తూ ఉండిపోయారు కనుక ఆ కబురు మా షాపుకి నేటికీ అందలేదని నా అంచనా. విండోస్ 7కి మద్దతు ఆగింది 2020 జనవరి 14న, అంటే భోగి నాడు. పాత సామాన్లు మంటల్లో వేసే రోజు చూసి మరీ పెట్టారు. ఈ ఒక్కదాంట్లో మాత్రం వాళ్లెవరినో అడిగినట్టే ఉంది.

పాత ప్రోగ్రాముల విషయంలో మైక్రోసాఫ్ట్ చేసిన త్యాగాలు తక్కువేమీ కాదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఈ సూక్తిని అక్షరాలా పాటించిన సంస్థ అదొక్కటే. విండోస్ 95 అసలు నంబరు 4.0. కానీ పాత 16 బిట్ ప్రోగ్రాములొచ్చి "నీ నంబరెంత?" అంటే 3.95 అని చెప్పేది. ఎందుకంటే 3.10 ఉంటే చాలనుకున్న ప్రోగ్రాములు కొన్ని చుక్కకి ముందున్న అంకెను, తర్వాతున్న అంకెను విడివిడిగా చూసేవి. 4.0లో చుక్క తర్వాత సున్నా ఉంది, సున్నా పదికంటే తక్కువ, కాబట్టి ఇది మరీ పాత విండోస్ అని తేల్చి అలిగి కూర్చునేవి. వాటికి లెక్కలు నేర్పేకంటే తన వయసు తగ్గించి చెప్పుకోవడమే తేలికనుకుంది. సిమ్‌సిటీ అనే ఆట ఇంకాస్త ఘనం. అది ఖాళీ చేసి ఇచ్చేసిన మెమరీలోకే మళ్లీ తొంగిచూసేది. తప్పు ఆటది. అయినా ఆ ఆట నడుస్తున్నట్టు కనిపెట్టి, దానికోసం మెమరీ పంచే పద్ధతినే మార్చుకుంది విండోస్ 95. విండోస్ 8.1 పాత యాప్‌లకి తాను 8నే అని చెప్పింది. విండోస్ 11 ఇప్పటికీ లోలోపల తన నంబరు 10.0 అనే చెప్పుకుంటుంది. 95, 98లతో పాత ప్రోగ్రాములు పొరబడతాయనే 9ని దాటేశారని ఓ కథ కూడా ఉంది. రుజువు లేదు గానీ, ఈ వంశ చరిత్ర చూశాక నమ్మబుద్ధేస్తుంది.

ఇన్ని అబద్ధాలాడిన పెద్దమనిషి 11 దగ్గరికొచ్చేసరికి హఠాత్తుగా రూల్సు మాట్లాడాడు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఎనిమిదో తరం నుంచే. 2017 మొదట్లో వేలు పోసి కొన్న కంప్యూటర్, అన్నీ బాగా నడుస్తున్నా, నాలుగేళ్లకే అనర్హుల జాబితాలో చేరింది. పేజ్‌మేకర్ నడవకపోతే అర్థం చేసుకుంటాం. ఇక్కడ కంప్యూటరే నడవదంటున్నారు. పైగా 11 పూర్తిగా 64 బిట్. 16 బిట్ సరుకు దేన్నీ లోపలికి రానివ్వదు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తాము 32 బిట్టే అయినా వాటి సెటప్ ఫైలు 16 బిట్. సీడీ బాగుంటుంది, సాఫ్ట్‌వేరూ బాగుంటుంది, ఇన్‌స్టాలే కాదు. విండోస్ 10 విడుదలకు కొద్ది ముందు కంపెనీ ఉద్యోగి ఒకాయన ఇదే చివరి విండోస్ అని సభలో అన్నాడు. ఆ చివరిదానికి 2025 అక్టోబరు 14న, దీపావళికి ఆరు రోజుల ముందు, మామూలు మద్దతు ఆపేశారు. మరో ఏడాది గడువు కావాలంటే 30 డాలర్లు కట్టండి, లేదా 1,000 రివార్డు పాయింట్లు ఇవ్వండి, అదీ కుదరకపోతే మీ సెట్టింగులు మా దగ్గర దాచుకోండి అన్నారు. మా డీటీపీ అన్న ఇవేవీ చేయలేదు. ఆయన లెక్కలో విండోస్ 10 ఇంకా కొత్తది.

ఆపిల్‌ది వేరే మతం. 2019 అక్టోబరులో మ్యాక్‌ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కాటలినా వచ్చిన రోజున 32 బిట్ యాప్‌లన్నిటినీ ఒక్క వేటుకి ఇంటికి పంపేసింది. మొహమాటాల్లేవు. తెలుగుతో మాత్రం దానికి 2018 ఫిబ్రవరిలో చిన్న గొడవైంది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఓ ప్రత్యేక పద్ధతిలో కూర్చి మెసేజ్ పంపితే ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి సర్దింది. ఈ సంగతి మా అన్నకి చెబితే కళ్లద్దాలు సర్దుకుని, "అనులో కొట్టి పంపుంటే ఏమీ అయ్యేది కాదు" అన్నాడు. సాంకేతికంగా ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అందువల్ల రాబోయే విండోస్‌కి, దాని అంకె ఏదైనా సరే, తెలుగు ప్రజల తరఫున కొన్ని షరతులు విన్నవించుకుంటున్నాను. విడుదల ఆషాఢంలోనో మూఢంలోనో మాత్రమే ఉండాలి. ఎలాగూ ఖాళీ కాబట్టి పాడైనా ఎవరి పెళ్లీ ఆగదు. విడుదలకు ముందు పరీక్ష లాస్ వేగాస్ హాలులో కాదు, శుక్రవారం సాయంత్రం ఆరింటికి, ఆదివారం పెళ్లి పెట్టుకున్న ఓ షాపులో జరగాలి. "కృష్ణార్జునుల"లో వత్తులు వాటి చోట వాటికి పడాలి. పాత లేజర్ ప్రింటరు డ్రైవరు కోసం ఎవరూ ఏ వెబ్‌సైటుకీ వెళ్లకూడదు. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళితే కంపాటిబిలిటీ అని ఒక ట్యాబ్ ఉంది కదా, విస్టా, 7, 8 అని ఉన్న ఆ జాబితాలో "డీటీపీ షాపు" అని ఇంకో వరస చేర్చాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గురించి నేనేమీ అడగను. 2022 జూన్‌లో పోయినా, కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో ఐఈ మోడ్ పేరుతో కనీసం 2029 దాకా ఉంటుందని వాళ్లే మాటిచ్చారు. వెబ్‌సైట్ల అడుగున "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి" అని రాసి పెట్టుకున్న కార్యాలయాలకి ఆ మాత్రం భరోసా చాలు.

ఈ షరతులు ఒప్పుకోకపోతే మాకొచ్చిన నష్టమేమీ లేదు, మూల కంప్యూటర్ ఉంది. కాకపోతే ఈమధ్య దాని హార్డ్‌డిస్క్ కిర్రుకిర్రుమంటోందని అన్న టెన్షన్ పడుతున్నాడు. విండోస్ 12 ఎప్పుడొస్తుందో తర్వాత చెబుదురుగాని. మీకు తెలిసిన వాళ్ల దగ్గర మంచి కండిషన్లో ఉన్న 40 జీబీ ఐడీఈ హార్డ్‌డిస్క్ ఉంటే మాత్రం మాఘమాసంలోపు కబురు పెట్టండి.