ఈరోజు మందు, రేపు మిత్రపురుగు: ఇదేం సలహా?

"మిత్రపురుగులను ఒక్కసారి వదిలితే చాలు, మీ పాలీహౌస్‌కు జీవితాంతం పురుగు బెడద ఉండదు" అని మొదలయ్యే సందేశమొకటి జెర్బెరా, గులాబీ, చామంతి పెంచేవారి వాట్సాప్ గ్రూపులలో ఎడతెగకుండా తిరుగుతోంది. వ్యవసాయం తెలిసిన మిత్రులు సైతం దానికి చప్పట్ల బొమ్మలు జోడించి మరీ పంపుతున్నందున, సమాధానం రాయక తప్పడం లేదు. మిత్రపురుగులంటే పంటను పాడుచేసే పురుగులను తిని, లేదా వాటిమీద బతికి, వాటిని అణచే పురుగులు.

ఆ సందేశం చెప్పినట్టు ఇది "విదేశాలలో నిరుడు కనుగొన్న రహస్యం" కాదు. పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ పెంకుపురుగును ఆస్ట్రేలియా నుండి మన దేశానికి 1898లోనే తెచ్చారు. తెల్లదోమను అణచే ఎన్‌కార్సియా అనే పరాన్నజీవిని ఇంగ్లండులో 1930ల నాటికే పెంచి రైతులకు పంచారు.

"ట్రైకోకార్డు కడితే అన్ని పురుగులూ పోతాయి" అన్నది మరొక మాట. ట్రైకోకార్డు అంటే ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి ఉన్న గుడ్లను అంటించిన అట్ట. ట్రైకోగ్రామా ప్రధానంగా లద్దెపురుగుల వంటి వాటి గుడ్ల మీద బతుకుతుంది. తెల్లదోమ, తామర పురుగు, ఎర్రనల్లి జోలికి అది పోదు.

"జీవితాంతం" అన్న మాట కూడా నిలవదు. క్రిప్టోలేమస్ తల్లి పురుగు పిండినల్లి గుడ్ల సంచుల దగ్గరే తన గుడ్లు పెడుతుంది. పిండినల్లి తగ్గిపోయాక దానికి తిండీ ఉండదు, సంతానమూ ఉండదు. మళ్లీ పిండినల్లి కనిపిస్తే మళ్లీ కొని వదలవలసిందే.

అసలు నష్టం చేసేది నాలుగో సలహా: "ముందు గట్టి మందు కొట్టి పురుగును పడగొట్టండి, మర్నాడు ఉదయం మిత్రపురుగులను వదలండి." సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల అవశేషాలు ఆకుల మీద ఆరిపోయాక కూడా మిత్రపురుగులను వారాల తరబడి చంపగలవు. ఆహారం కోసం ఆకు ఆకూ వెతుకుతూ తిరిగే పరభక్షికే ఆ విషం ఎక్కువగా అంటుకుంటుంది. ఆకు అడుగున గూడు అల్లుకుని కూర్చున్న ఎర్రనల్లికి అంత తగలదు, తగిలినా చాలాచోట్ల అది ఆ మందులను తట్టుకునే శక్తిని ఎప్పుడో సంపాదించుకుంది. శత్రువులు చచ్చి తాను మిగిలితే ఎర్రనల్లి ఏం చేస్తుందో గులాబీ పెంచినవారికి చెప్పనక్కరలేదు. మందుకు డబ్బు పెట్టి, పురుగులకు డబ్బు పెట్టి, చివరకు ఎర్రనల్లిని పెంచుకున్న రైతు "జీవనియంత్రణ (పురుగుతో పురుగును అణచడం) బూటకం" అని తీర్మానించుకుంటాడు. భోజనానికి పిలిచి విస్తట్లో విషం వడ్డించి, అతిథి లేవలేదేమని ఆశ్చర్యపోవడం ఇది.

అక్కడితో ఆగారా? "తెల్లగా దూదిలా కనిపించిన ప్రతిదాన్నీ నలిపేయండి" అని ఐదో సలహా. క్రిప్టోలేమస్ పిల్లపురుగు ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. ఎదిగిన పిల్లపురుగు పిండినల్లి కంటే చాలా పెద్దది; ముట్టుకుంటే చురుకుగా నడిచిపోతుంది. ఈ తేడా కూలీలకు చూపించకపోతే, కొని తెచ్చిన పురుగులను కూలి ఇచ్చి చంపించినట్టే.

పురుగులను చంపే బవేరియాను, తెగుళ్లకు కొట్టే శిలీంద్రనాశిని మాంకోజెబ్‌తో కలిపి కొడితే "పురుగు, తెగులు రెండూ ఒకే దెబ్బకు" పోతాయట. బవేరియా కూడా శిలీంద్రమే. శిలీంద్రనాశినితో ఒకే ట్యాంకులో కలిపితే ముందుగా పోయేది అదే. మహానుభావులు ఆ మూడో ప్రయోజనాన్ని ఎందుకు రాయలేదో తెలియదు.

సందేశంలో చీమలను అరికట్టమన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం దానికి కాపలా కాసే చీమలు మిత్రపురుగులను తరిమేస్తాయి.

జెర్బెరాలో తామర పురుగు దగ్గరకు వచ్చేసరికి, సందేశాన్ని ఖండిస్తున్న నేనే మిత్రపురుగుల పక్షాన గట్టిగా వాదించలేను. పువ్వును తెల్లకాగితంపై తట్టి చూస్తే సన్నని గీతల్లా పరుగెత్తే పెద్ద పురుగులను పరభక్షక నల్లులు అంతగా పట్టవు. అవి తినేది ఎక్కువగా చిన్న పిల్లపురుగులనే. టమాటా ఆకుపై నాలుగు మచ్చలున్నా కాయ అమ్ముడుపోతుంది, ఇక్కడ అమ్మేది పువ్వునే. రేకు మీద గీత పడితే మార్కెట్లో తిప్పి పంపుతారు. బ్యాంకు వాయిదా ఎదురుగా ఉన్న రైతు ఆ పరిస్థితిలో మందు కొడితే నేను తప్పుపట్టను. ఆ షెడ్డులో మిత్రపురుగుల డబ్బాను మర్నాడే తెరవకుండా, కొట్టిన మందు ప్రభావం ఎన్ని వారాలుంటుందో అమ్మినవారిని అడిగి తెలుసుకుని అంతవరకు ఆగితే చాలు.