తుప్పు తరఫున వకాల్తా

తెలుగువాడికి ఒళ్ళు మండితే ఎదుటివాడి తుప్పు వదలగొడతానంటాడు. ఎదుటివాడు చేసిన తప్పేదో ఉండే ఉంటుంది. మధ్యలో తుప్పు చేసిన నేరమేమిటో మాత్రం ఇంతవరకూ ఏ న్యాయస్థానమూ విచారించలేదు. నా కక్షిదారు ఏ ఇంట్లోకీ గోడ దూకి రాలేదు. కడిగిన కత్తిపీటను తుడవకుండా మూలకు తోస్తే వచ్చింది. పారనూ గునపాన్నీ వానలో వదిలేస్తే వచ్చింది. విశాఖలోనూ కాకినాడలోనూ అయితే సముద్రపు గాలి ఉప్పు చల్లి మరీ పిలుస్తుంది. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు మావాళ్ళకి లేదు.

పైగా వంశం చూడండి. గనిలో ఉన్నన్నాళ్ళూ ఇనుము ఆక్సైడుగానే బతికింది. కొలిమిలో బొగ్గు పెట్టి, ఆక్సిజన్ నుంచి విడదీసి, బలవంతాన కాపురానికి తెచ్చినవాడు మనిషి. నీటినీ గాలినీ తోడు తీసుకుని ఇనుమును మళ్ళీ పుట్టింట్లో దిగబెట్టడమే తుప్పు చేస్తున్న పని. ఢిల్లీలో కుతుబ్ మీనారు పక్కనున్న ఇనుప స్తంభం విషయంలో ఈ కేసు సుమారు 1600 ఏళ్ళుగా పెండింగులో ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల ఏర్పడిన పలచటి పొర మా మీద స్టే తెచ్చుకుని కూర్చుంది. ఫరవాలేదు, మాకు తొందర లేదు.

ఇంతకాలం మనుషులు వేసిన శిక్షలను మేం గౌరవించాం. ఎమరీ కాగితమో, వైర్ బ్రష్షో, చింతపండు పులుసో, బాత్‌రూము యాసిడో, ఏదైనా సరే తుప్పుతో పాటు మంచి ఇనుమునూ ఎంతో కొంత కొరికేది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోటన్నట్టు, తుప్పుతో కూడిన ఇనుముకీ పోటు తప్పేది కాదు. అందులో ఒక న్యాయం ఉంది. సోడా నీళ్ళలో కరెంటు పారించి తుప్పు వదలగొట్టే ఎలక్ట్రాలిసిస్ అనే పద్ధతిలో అదీ లేదు. తుప్పు పోతుంది, కింద ఇనుము మీద ఈగ వాలదు. మరో నాలుగు గంటలు అదనంగా ఉంచినా వాలదు. దీన్ని పక్షపాతం అనక ఏమనాలి?

కుట్ర ఎలా సాగుతుందో వివరాలతో సహా సమర్పిస్తున్నాను. ఒక ప్లాస్టిక్ బకెట్. 10 లీటర్ల నీళ్ళు. అందులో 40, 50 గ్రాముల చాకలి సోడా. అది దొరక్కపోతే ఈ కుట్రదారులు తినే సోడాను స్టీలు గిన్నెలో పోసి, పొయ్యి మీద కలుపుతూ వేపుతారు. నీటి ఆవిరీ, కార్బన్ డయాక్సైడూ పోయి 100 గ్రాములు కాస్తా 63కి దిగితే అది చాకలి సోడా అయినట్టే. ఆ పైన 12 వోల్టుల కారు బ్యాటరీ చార్జర్. నెగటివ్ క్లిప్పు తుప్పు పట్టిన వస్తువుకి, పాజిటివ్ క్లిప్పు ఒక పాత ఇనుప రేకుకి. రెండూ నీళ్ళలో బెత్తెడు ఎడంగా, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. పాజిటివ్ క్లిప్పు మాత్రం నీళ్ళపైనే ఉండాలి, మునిగితే క్లిప్పే కరిగిపోతుంది. స్విచ్చి వేయగానే వస్తువు ఒళ్ళంతా సన్నటి బుడగలు లేస్తాయి. చిన్న పనిముట్టుకి 2 నుంచి 5 ఆంపియర్లు చాలు. సోడా గుప్పిళ్ళతో గుమ్మరించి కరెంటు పెంచితే ఎక్కువగా పెరిగేవి వేడీ, నురగా. పైపై తుప్పుకి 3, 4 గంటలు. ఏళ్ళ తరబడి చూరుకింద పడున్న గొడ్డలికి 10, 12.

ఇక్కడ ఒక్క క్షణం ఆ పాజిటివ్ వైపు రేకును చూడండి. దాని మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అవతల నెగటివ్ వైపున్న రెంచి మచ్చ లేకుండా బయటపడాలంటే ఇవతల ఇది తుప్పు పట్టాలి, అరగాలి, చివరికి జల్లెడైపోవాలి. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి రేకొకటి ఉంటుంది. పెద్దసారు నిర్దోషిగా తేలిన రోజున సస్పెండయ్యే గుమాస్తా అతనే. తేడా ఒక్కటే. గుమాస్తాను మధ్యలో తీసి ఎవరూ రుద్దరు. రేకును మాత్రం రెండు మూడు గంటలకోసారి స్విచ్చి ఆపి, తీసి, రుద్దాలి. లేకపోతే దాని మీద పేరుకున్న మడ్డి అడ్డుపడి ఆంపియర్లు పడిపోతాయి. ఇంకో సంగతి, రేకుకి ఎదురుగా ఉన్న ముఖమే బాగా శుభ్రపడుతుంది, వెనకవైపు మా సంసారం యథాతథంగా సాగుతుంది. తెలిసినవాళ్ళు బకెట్ గోడ చుట్టూ నాలుగు రేకులు నిలబెట్టి తీగతో కలిపేస్తారు. తెలియనివాళ్ళకు మా శుభాకాంక్షలు.

మా కోసం నిస్వార్థంగా పనిచేసేవాళ్ళనూ స్మరించుకోవాలి. అగ్రతాంబూలం వైర్లు తారుమారు చేసేవారికి. అప్పుడు వస్తువే బలి రేకు అవుతుంది. ఎంత కరెంటుకి ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే లెక్కలో ఒక ఆంపియరు గంటసేపు పారితే గ్రాము పైచిలుకు ఇనుము కరగగలదు. 5 ఆంపియర్లు 10 గంటలు నడిస్తే తాతగారి కొడవలి నుంచి 50 గ్రాముల దాకా మా ఖాతాలో జమ. తర్వాతివారు క్లిప్పును తుప్పు మీదే బిగించేవారు. మేం కరెంటును అంత సులువుగా దాటనివ్వం. క్లిప్పు పట్టే చోట మెరిసే ఇనుము కనబడేదాకా గీకకపోతే ఒక్క బుడగ లేవదు. ఇక స్మార్ట్ చార్జర్ కొన్నవారు. అవతల బ్యాటరీ వోల్టేజి కనబడితే తప్ప అది కరెంటు వదలదు. బకెట్‌ను చూసి, గుర్తింపు కార్డు తెమ్మని తిప్పి పంపే కౌంటర్‌లాగా మొహం తిప్పుకుంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్‌కి ఈ పట్టింపులుండవు, అదే మా దురదృష్టం.

కొందరు స్నేహితులను మాత్రం మేం బహిరంగంగా వెలివేస్తున్నాం. నా కక్షిదారు ఇనుమును తింటుంది కానీ మనుషులను తినదు. సోడా బదులు ఉప్పు వేసేవాళ్ళున్నారు. ఉప్పునీళ్ళలో కరెంటు పారితే పాజిటివ్ వైపు క్లోరిన్ వాయువు పుట్టగలదు. ఇనుప రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె పెట్టేవాళ్ళున్నారు. దానిలోని క్రోమియం ఆరో వేలెన్సీ రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. అది క్యాన్సర్ కారకం, కాలవలో పారబోయడానికి కూడా పనికిరాదు. బలి రేకుల్లో చూడ్డానికి పెద్దమనిషి అదే. తన ఒంటికి మరక అంటనివ్వదు, చుట్టూ ఉన్న నీళ్ళను విషం చేస్తుంది. ఇలాంటివాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. జింకు పూత ఉన్న జీఐ రేకూ వద్దు, మామూలు ఇనుమే పెట్టాలి. దోసె పెనం కోసమైతే మరీను.

లేచే బుడగలు హైడ్రోజన్. 5 ఆంపియర్ల దగ్గర గంటకు 2 లీటర్ల పైచిలుకు వస్తుంది. గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. కాబట్టి ఈ యజ్ఞం ఆరుబయటే, పొయ్యికీ దీపానికీ దూరంగా. క్లిప్పులు ఊడబీకే ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపాలి, లేదంటే ఆ రవ్వ అక్కడే పుడుతుంది. అల్యూమినియం భాగాలున్న వస్తువును అసలు ముంచకూడదు. సోడా నీళ్ళే దాన్ని తినేస్తాయి, కరెంటు దాకా అక్కర్లేదు. గట్టిపరిచిన స్ప్రింగులు, తల మీద 10.9, 12.9 అని అచ్చు ఉన్న బోల్టులు కూడా దూరంగానే ఉండాలి. హైడ్రోజన్ ఆ ఉక్కులోకి దూరి పెళుసు చేస్తుంది. చూడ్డానికి కొత్తవాటిలాగే ఉండి, బరువు మోస్తున్నప్పుడు విరుగుతాయి. ఆ నేరం మా మీదికి రానివ్వం, మాకు దాంతో సంబంధం లేదు.

సరే, తంతు ముగిసింది. వస్తువు మీద ఇప్పుడు నల్లటి మసి ఉంటుంది. స్టీలు పీచుతో రుద్దితే వదులుతుంది. మేం తినేసిన చోట గుంటలు మాత్రం గుంటలుగానే ఉంటాయి. పోయిన ఇనుమును ఏ చార్జరూ తిరిగి తెచ్చివ్వదు. పెనమైతే ఏళ్ళ తరబడి ఎక్కిన నూనె పొర కూడా చాలావరకు ఊడిపోయి, పుట్టినప్పటిలా బోసిగా నిలబడుతుంది. సోడా నీళ్ళలో ఉన్నంతసేపూ మా ఆటలు సాగవు. మంచినీళ్ళతో కడగ్గానే మాకు తలుపు తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాలు చాలు, నారింజ రంగు ఛాయ మొదలవుతుంది. వేడినీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి, పొయ్యి మీద తడంతా ఆరేదాకా కాచి, ఆ వేడి మీదే పలచగా నూనె రాసేవాళ్ళ దగ్గర మా పాచికలు పారవు.

కానీ తళతళలాడే పెనం చేతికొస్తే ఎవరికైనా ముందు ఫోటో తీయాలనిపిస్తుంది. ఇంకాస్త వెలుతురులో ఇంకొకటి. అది బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పిన్నికీ బాబాయికీ విడివిడిగా దండం బొమ్మలు పంపాలి. చార్జర్ ఏ కంపెనీదని అడిగిన బావగారికి వివరంగా జవాబు రాయాలి. రాయండి, తీరిగ్గా రాయండి. మేం పెనం మీదే ఉంటాం.