గేటుకు ఇవతలే ఖర్చు

తిరుపతి ఐఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. 2016లో 90 వేల నుంచి ఒక్కసారిగా ఇంతకు పెంచారు. ఈ అంకె వినగానే ‘అది మన వల్ల అయ్యే పని కాదులే’ అనుకునే ఇళ్లు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆ ఫీజు పూర్తిగా మాఫీ. ఏ కులం వారైనా కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. 5 లక్షల లోపైతే మూడింట రెండొంతులు పోను సుమారు 67 వేలు కడితే చాలు. హాస్టల్, మెస్ బిల్లులు వేరు.

అసలు ఖర్చు గేటు దాటకముందే అయిపోతుంది. ఐఐటీ సీటుకు తొలి పరీక్ష అయిన జేఈఈ మెయిన్ రాసేవారు 10 లక్షలకు పైమాటే. వారిలో రెండో పరీక్ష అడ్వాన్స్‌డ్ రాయనిచ్చేది రెండున్నర లక్షల మందిని. 23 ఐఐటీల్లో ఉన్న సీట్లన్నీ కలిపినా దాదాపు 18 వేలు. ఆ వడపోతలో నిలబడాలని ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీకి, ఆపైన మరో ఏడాది కోచింగ్ తీసుకునే లాంగ్ టర్మ్‌కూ అప్పు చేసి కడుతున్నారు. ఆ డబ్బుకు మాఫీ లేదు, సీటు రాకపోతే వాపసూ లేదు.

పైగా ఏర్పేడులో ఐఐటీ క్యాంపస్ ఉన్నంత మాత్రాన ఏర్పేడు పిల్లలకు ఒక్క సీటూ ఎక్కువ రాదు. కేంద్రానివే అయిన మరో రకం ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి దక్కుతాయి, ఐఐటీల్లో అదీ లేదు. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ సంగతి వేరు. ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు రాయలసీమ, నెల్లూరు పిల్లలవే. అక్కడి ఇంజనీరింగ్ సీట్లకు రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. పల్లెలో సర్కారు జూనియర్ కాలేజీలో చదివిన అమ్మాయికి ఇది చిన్న ఆసరా కాదు.

అయితే ఎస్వీ యూనివర్సిటీలో చిక్కు ఇంకోటి. ఐఐటీలో మాఫీ అంటే బిల్లులోనే తగ్గుతుంది. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. బకాయి పేరుకుంటే పరీక్ష ఫీజు నాటికీ, సర్టిఫికెట్ల నాటికీ టెన్షన్ పడేది విద్యార్థే.

కాబట్టి మేం అడిగేవి రెండు. ఏ సెమిస్టర్ రీయింబర్స్‌మెంట్ ఆ సెమిస్టర్‌లోనే విడుదల చేయాలి. జిల్లాలోని సర్కారు జూనియర్ కాలేజీల్లో మొదటి ఏడాది నుంచే జేఈఈ తరగతులు ఉచితంగా నడపాలి, ఐఐటీ మాఫీల వివరం అక్కడి నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి.